మొగము లేని ఛాయాచిత్రములు

ఛాయాచిత్రమనగానే మనకు ముందుగా తోచునది ఒక మొగము. పడసాలలో గోడకు వ్రేలాడు పటమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తాతగారో నాయనమ్మగారో కుర్చీలో నిటారుగా కూర్చుండి మనవంక చూచుచుందురు. పండుగనాడు ఆ పటమునకు బొట్టు పెట్టి పూలదండ వేయుదుము. పటము బాగున్నదా లేదా యని నిర్ణయించుటకు మన కొక్కటే కొలత: పోలిక కుదిరినదా? "ముక్కు అచ్చముగా ఆయనదే" అని ఇంటివారన్నచో పటము తీసినవాడు కృతార్థుడు.

అట్టి ఇంటి పెద్ద చేతికి, నేను చెప్పబోవు చిత్రములలో నొకదాని నిచ్చితిమనుకొనుడు. నల్లని కాగితము. దానిపై ఒక తెల్లని వలయము, ఆ వలయమును కోసికొనిపోవు నొక బూడిదవన్నె పట్టె, ఒక మూల పొగవలె పలుచనైన మఱక. మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. ఆయన దానిని ఇటు త్రిప్పి అటు త్రిప్పి చూచి, "ఇది ఎవరిది?" అని అడుగును. ఆ ప్రశ్నను విని నవ్వువారు పట్టణములలో కొందఱు కలరు. నాకు మాత్రమది మిక్కిలి న్యాయమైన ప్రశ్నగా తోచుచున్నది. ఈ ప్రసంగమంతయు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పు ప్రయత్నమే.

మొదట మాటనే చూతము. ఛాయ యనగా నీడ. ఛాయ యనగా కాంతి. ఛాయ యనగా పోలిక కూడ; "వానిలో తండ్రి ఛాయలు కలవు" అందుము. సూర్యుని తేజమునకు తాళలేక సంజ్ఞాదేవి పుట్టినింటికి పోవుచు, తన రూపమే గల ఛాయను భర్తకడ నుంచిపోయిన కథ మీరెఱుగుదురు. ఆ కథలో నీడయే పోలికయై కొంతకాలము చెల్లినది. మన గోడలపై పటములలో జరిగినదియు నట్టిదే. పని చేసినది నీడ. పేరు వచ్చినది పోలికకు. నేడు నేను చెప్పబోవు కళాకారులు ఆ నీడను మఱల దాని పేరుతో పిలిచినవారు.

ఎండలో పనిచేయు వాని వ్రేలినుండి ఉంగరమును తీసి చూడుడు. ఎండ సోకినంతమేర చర్మము నల్లబడియుండును; ఉంగరమున్నచోట లేతగా నొక పట్టె నిలిచియుండును. ఆ పట్టె ఉంగరమునకు పోలిక కాదు. ఉంగరము అక్కడ వెలుతురు నడ్డగించినదనుటకు గుఱుతు. ఛాయాచిత్రము యొక్క మూలసూత్ర మింతమాత్రమే. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అను విద్వాంసుడు 1834 ప్రాంతమున మంచి వ్రాతకాగితమును ఉప్పునీట తడిపి యాఱవేసి, దానిపై సిల్వరు నైట్రేటను వెండి లవణపు ద్రావణమును పూసెను. అట్లు సిద్ధమైన కాగితముపై ఒక చెట్టాకు నుంచి, అద్దముతో నొత్తి, ఎండలో పెట్టెను. ఎండ తగిలిన కాగితము నల్లబడినది. ఆకు క్రింద తెల్లగా నిలిచినది. ఆకు పలుచనైనచోట కొంచెము వెలుతురు చొరబడుటచే ఈనెలు సైతము తెలియవచ్చినవి. కెమెరా లేదు, కటకము లేదు.

ఈ సంగతి 1839 జనవరిలో లోకమునకు వెల్లడియైనది. ఆ నెలలోనే పారిసు నగరమున డాగేర్ అనువాని కెమెరా పద్ధతియు ప్రకటితమయ్యెను. అది మెఱుగు పెట్టిన వెండిరేకుపై మనిషి మొగమును మీసములోని వెండ్రుకతో సహా చూపగలిగెను. జనులు మొగమువైపే పోయిరి. ఆకు ప్రక్కకు తొలగినది. సుమారు ఎనుబదియేండ్లు ఛాయాచిత్రమునకు పోలిక పట్టుటయే పని యయ్యెను. పందొమ్మిదవ శతాబ్ది చివర ఇది కళయే యని చూపదలచినవారు సైతము మసకలు, మంచుపొరలు కల్పించి పాత తైలవర్ణ చిత్రములను అనుకరించిరే కాని తమ పనిముట్టు యొక్క స్వభావమేమో విచారింపలేదు.

ఈ దారి ఎచ్చట మలుపు తిరిగినదో చూపుమన్నచో నేనొక వసారాను చూపుదును. 1916వ సంవత్సరపు వేసవిలో పాల్ స్ట్రాండ్ అను ఇరువదియైదేండ్ల న్యూయార్కు యువకుడు, కనెక్టికట్ రాష్ట్రములోని ట్విన్ లేక్స్ అను చోట ఒక కుటీరమున దిగియుండెను. అంతకు మూడేండ్ల ముందు, 1913 నందు, పికాసో, బ్రాక్ మొదలైన యూరపు చిత్రకారుల క్రొత్త పటములు న్యూయార్కునకు పెద్ద ప్రదర్శనముగా వచ్చియుండెను. ఒక కూజానో ఒక వీణియనో పలకలు పలకలుగా విడగొట్టి మఱల కూర్చినట్లుండు చిత్రములవి. అవి ఏ బలముచేత పటములో నిలుచుచున్నవో తెలిసికొనవలెనని స్ట్రాండునకు కోరిక పుట్టినది. కెమెరా దేనిని విడగొట్టలేదు; ఎదుట నున్నదానినే చూపును. కాబట్టి అతడు వంటయింటి గిన్నెలను కొన్నింటిని తెచ్చి, వాని అంచులును వాని నీడలును తప్ప మఱేమియు కనబడనంత దగ్గరనుండి చిత్రించెను. తరువాత వసారాలో నొక గుండ్రని బల్లను ఒరగబెట్టి, కమ్మీల సందులనుండి పడు ఎండను దానిపైన పడనిచ్చెను. ఆ చిత్రములో ఎండయు నీడయు పట్టెలు పట్టెలుగా ఒక వాలున జాఱుచుండును. అది బల్ల యని తెలియుటకు ముందే కన్ను ఆ పట్టెల వెంబడి నడచిపోవును. తెలిసిన పిమ్మట గూడ ఆ నడక ఆగదు.

ఇట్టి నీడలు మన యిండ్లలో ప్రతి ఉదయమును కిటికీ కమ్మీలనుండి గచ్చుపై పడుచునే యున్నవి. ఎంత ప్రొద్దెక్కినదో తెలిసికొనుటకు వానిని చూచి, వానిపైనుండియే నడచిపోవుదుము. అంతకు మించి వానితో మనకు పని కలుగలేదు. స్ట్రాండునకు కలిగినది. ఆ చిత్రములలో కొన్ని 1917 జూనులో, న్యూయార్కున ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ నడపుచుండిన "కెమెరా వర్క్" అను పత్రిక కడపటి సంచికలో వెలువడినవి.

స్ట్రాండ్ ఆ నీడలలోనే యుండిపోలేదని చెప్పవలెను. బహుకాలమునకు పిమ్మట, 1953 నందు, ఇటలీదేశమున పో నది మైదానములోని లుజారా అను ఊర నతడు గ్రామస్థుల చిత్రములను తీసెను. అవి 1955లో గ్రంథముగా వచ్చినవి. అందొక కుటుంబ చిత్రము ప్రసిద్ధము. చీకటిగా నున్న ద్వారబంధములో తల్లి నిలుచుండును, చుట్టును ఆమె కొడుకులు, గోడదగ్గర సైకిలు. మొగములన్నియు స్పష్టముగా నున్నవి, పోలికకు కొఱత లేదు. ఐనను ఆ నలుపు, ఆ తెలుపు, ఆ మనుష్యుల నడుమనున్న ఎడము, ఇవి కూర్చబడిన తీరు చూచినచో, ఇది గిన్నెల దగ్గర నేర్చిన విద్యయే యని నాకు తోచును. ఆ వేసవి లేకున్న ఈ తల్లి ఇంత గంభీరముగా వాకిట నిలిచియుండదు.

పైన చెప్పిన స్టీగ్లిట్జ్ కథయు నిచ్చటనే చెప్పవలెను. అతడు స్ట్రాండునకు గురుతుల్యుడు, వయస్సున చాల పెద్ద. అతడు తీయు ముఖచిత్రముల గొప్పతనము, ఎదుట కూర్చుండిన వారిని అతడు తన ప్రభావముచే వశపఱచుకొనుటలో నున్నదని ఒక రచయిత వ్రాసెను. ముసలివానికి కోపము వచ్చినది. ఎవని వశమును కానిదానిని చిత్రించి చూపెదనని 1922లో మేఘములవైపు కెమెరాను త్రిప్పెను. పదేండ్లకు పైగా ఇన్నూటికి మించి మేఘచిత్రములను తీసెను. వానిలో పెక్కు అరచేతియంతవే. క్రింద నేల గాని, ప్రక్కను చెట్టుకొమ్మ గాని కనబడకుండ చేసినవానిలో తల యేదియో తోక యేదియో చెప్పజాలము. మేఘమును చూచినప్పుడు మనకు వాన గుఱుతు వచ్చును. ఇందు తప్పు లేదు. కురియని మేఘముతో సేద్యగాని కేమి పని? కాని సాయంకాలము పనులు ముగిసి అరుగుపై కూర్చుండినప్పుడు, వానతో నిమిత్తము లేకుండ ఆకాశమును చూచి మనస్సు తేలికపడుటయో బరువెక్కుటయో మీ యనుభవములో నుండకపోదు. అతడు పట్టదలచినది దానిని.

లండనులో ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ అనునతడు 1917 నాటికే మూడద్దములను త్రికోణముగా బిగించి, వాని నడుమనుండి వస్తువులను చూచి, స్ఫటికముల వంటి చిత్రములను ప్రదర్శించెను. చరిత్రలో వానికి చోటు కలదు. గాజుముక్కలను గొట్టములో పోసి త్రిప్పు పిల్లల ఆటకంటె అవి చాల దూరము పోయినట్లు నాకు తోచదు గనుక ఇంతటితో వదలుచున్నాను.

ఇంతవఱకు కెమెరా చేతిలోనే యున్నది. దానిని గూడ విడిచినవారు మహాయుద్ధపు కడపటి దినములలో బయలుదేఱిరి. యూరపులో 1914 మొదలు నాలుగేండ్లు లక్షలకొలది యువకులు కందకములలో కూలిరి. దేశగౌరవము, నాగరకత అను పెద్ద మాటలతోనే వారినటు పంపిరి. ఆ మాటలపై నమ్మకము పోయిన యువ కళాకారులు, ఆ మాటలతో పాటు పెరిగిన అందమైన బొమ్మలపై గూడ నమ్మకము పోగొట్టుకొనిరి. జర్మనీ వాడగు క్రిస్టియన్ షాడ్ యుద్ధమునకు పోక స్విట్జర్లండు చేఱుకొన్నవాడు. జెనీవాలో 1919 నందు అతడు చిరిగిన కాగితములు, గుడ్డపీలికలు, వీధిలో పాఱవేసిన చెత్త ఏఱి తెచ్చి, కాంతి కాగితముపై పేర్చి, పగటివెలుతురున నుంచి చిన్న చిన్న చిత్రములను చేసెను. టాల్బట్ ఆకు నుంచినచోటనే ఇతడు చెత్తను ఉంచెను. ఎనుబదియేండ్లలో యూరపునకు జరిగినదేమో ఆ రెండు కాగితములను ప్రక్క ప్రక్కన పెట్టినచో తెలియును.

రెండేండ్ల పిమ్మట పారిసులో మాన్ రే అను అమెరికావాడు, దర్జీ కొడుకు, ఇదే పద్ధతిని తనంతట తాను కనుగొనెను. చీకటిగదిలో ఒక కాగితము వెలుతురు చూపకయే మందునీళ్లలో పడినదనియు, దానిపై గాజు గరాటును, కొలతగాజును, ఉష్ణమాపకమును ఊరక పెట్టి దీపము వెలిగింపగా చూచుచుండగనే నీడలు నిలిచినవనియు, 1963లో ప్రకటించిన స్వీయచరిత్రమున నతడు చెప్పుకొనెను. అట్టి చిత్రములు పండ్రెండింటిని 1922లో సంపుటముగా వెలువరించెను. మఱుసటియేట ఒక సభకు సినిమా కావలసి వచ్చినప్పుడు, ఫిల్ముచుట్టపు ముక్కలపై కొన్నిటిమీద ఉప్పును మిరియాల పొడిని చల్లి, కొన్నిటిమీద గుండుసూదులను మేకులను పఱచి, దీపము చూపి, వానినే తెఱపై ఆడించెను. ఆ సభ కొట్లాటతో ముగిసినది. కొట్లాటకు కారణము కవులు, ఉప్పు కాదు.

ఈ విద్యను వినోదముగా కాక శాస్త్రముగా పట్టుకొన్నవారు ఇద్దఱు, భార్యాభర్తలు. లాస్లో మొహోలీ-నాగీ 1895లో హంగరీ దేశపు పల్లెలో పుట్టెను. యుద్ధములో సైనికుడై, తపాలాకార్డులపై బొమ్మలు గీయుచు, 1917లో గాయపడి బ్రదికి బయటపడెను. 1920లో బెర్లినునకు వచ్చి ప్రాగు నగరపు పడుచు లూసియాను పెండ్లాడెను. 1922 నుండి ఇద్దఱును కలిసి ఈ కెమెరా లేని చిత్రములను చేయనారంభించిరి. వానిని "ఫొటోగ్రాము" లనిరి.

ఆ యేటనే ప్రకటించిన వ్యాసమున మొహోలీ చెప్పిన సంగతి ఇట్లు రేడియోలో మాటలాడు నాకు ప్రత్యేకముగా నచ్చును. గ్రామఫోను ఉన్నది. ఒకరు పాడినదానిని మఱల వినిపించుట దాని పని. కాని ఆ పళ్లెములోని గీతలను చేతితోనే చెక్కినచో, ఏ కంఠమును పాడని, ఏ వాద్యమును పలుకని ధ్వని వినబడవచ్చును గదా యని అతడడిగెను. కెమెరా విషయమును అట్లే. ఉన్నదానిని మఱల చూపుట ఒక పని. లేనిదానిని పుట్టించుట మఱొక పని. రెండవదానిని ఎవరును ఏల యత్నింపలేదు? కాంతినే కుంచెగా పట్టినచో ఏమగును?

ఏమగునో తోలుబొమ్మలాట చూచినవారికి సులభముగా చెప్పవచ్చును. బొమ్మను తెఱకు అద్దినప్పుడు నీడ అంచులు కత్తితో కోసినట్లుండును. దానినే దీపమువైపు జరిపినచో నీడ పెరిగి, అంచు మెత్తబడి, పలుచనై పోవును. ఫొటోగ్రాములోను అంతే. కాగితమును తాకిన వస్తువు తెల్లగా స్పష్టముగా పడును. పైకెత్తిన వస్తువు బూడిదవన్నెగా మసకబాఱును. గాజు ద్వారా కొంత వెలుతురు పోవును, జల్లి గుడ్డ ద్వారా కొంత. దీపమును చేతబట్టి కదపినచో ఒకే వస్తువునకు రెండు మూడు నీడలు ఒకదానిపై నొకటి పడును. ఈ రెండు మూడు సూత్రములతోనే నలుపునకు తెలుపునకు నడుమ నున్న మెట్లన్నిటిని ఎక్కి దిగవచ్చును. ఆ చిత్రములలో వస్తువులకు బరువు కనబడదు. చీకటి నీటిలో తేలుచున్నట్లుండును. తెఱవెనుక దీపమున్నదని మీరెఱిగియు బొమ్మను చూచి మురియునట్లే, గరిటయో చక్రమో అని యెఱిగియు వానిని చూడవచ్చును.

మొహోలీ 1923లో వైమారు నగరపు బౌహౌస్ అను కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆ పాఠశాలవారి చిత్రములు కొన్ని అంతకు ముందటి డిసెంబరులో కలకత్తాలో ప్రదర్శింపబడెను. ఐతే అందు ఈ నీడచిత్రములు లేవు. 1925లో అతడు వ్రాసిన గ్రంథము ఈ మార్గమును ఐరోపా అంతట చాటినది. 1933లో నాజీల యొత్తిడిచే ఆ పాఠశాల మూతపడినది. అతడు హాలండునకు, అటనుండి లండనునకు, 1937లో షికాగోకు పోయి, మఱొక పాఠశాల పెట్టి, 1946లో రక్తవ్యాధితో గతించెను.

ప్రభుత్వములకు నీడలతో పగ యేల? రష్యా సంగతి చూచినచో కొంత తెలియును. అలెగ్జాండర్ రాడ్చెంకో అక్కడి గొప్ప ఛాయాచిత్రకారుడు. మేడపైనుండి క్రిందికి, గోడమొదటినుండి పైకి చూచి, మెట్లను వీధులను నలుపు తెలుపు గీతలుగా మార్చినవాడు. ఇతడు విషయమును విడిచి రూపముతో ఆడుకొనుచున్నాడను నింద 1928 నుండి పెరిగి, 1931లో తోడి చిత్రకారుల సంఘమునుండియే అతనిని తొలగించిరి. తరువాత శ్వేతసముద్రమును బాల్టికు సముద్రముతో కలుపు కాలువ పనిని చిత్రించుటకు అతనిని పంపిరి. 227 కిలోమీటర్ల ఆ కాలువను 1931 నుండి 1933 వఱకు లక్షకు మించిన ఖైదీలు గునపములతోను తోపుడుబండ్లతోను త్రవ్విరి. వేలకొలది మంది అక్కడనే చనిపోయిరి. రాడ్చెంకో చిత్రములతో 1933 డిసెంబరులో ఒక ప్రభుత్వ పత్రిక వెలువడినది. అందు పని నడుమ వాద్యబృందము సంగీతము వాయించుచున్న చిత్రము కలదు. మనుష్యులు కలరు, మొగములు కలవు, పోలిక కుదిరినది. చావు మాత్రము కనబడదు.

"ఇది ఎవరిది?" అని అడుగు పెద్దమనిషికి నేను చూపదలచిన రెండు చిత్రములలో ఇది యొకటి. పోలిక యున్నచో నిజమున్నదని మనము గోడమీది పటమును నమ్మినట్లు నమ్ముదుము. ఆ నమ్మకమునే వాడుకొని అబద్ధమాడవచ్చును. వలయమును పట్టెను చూపు నల్లకాగితమేమో తాను ఏమి కాదో దానినని యెన్నడును చెప్పుకొనలేదు. అక్కడ వెలుతురు పడినది, ఇక్కడ పడలేదు. అంతవఱకే దాని సాక్ష్యము.

ఆ ప్రశ్నకు మఱొక యర్థము కూడ కలదు: చేసినది ఎవరు? లూసియా మొహోలీ ఛాయాచిత్రకళను శాస్త్రీయముగా అభ్యసించిన విదుషి. బౌహౌస్ భవనములను, అక్కడి వస్తువులను నేడు లోకము చూచుచున్న రూపములో చూపిన చిత్రములలో పెక్కు ఆమె తీసినవి. 1929లో దంపతులు విడిపోయిరి. 1933లో ఆమె స్నేహితుని ఆమె ఇంటనే పోలీసులు పట్టుకొనగా, ఆమె కట్టుబట్టలతో బెర్లిను విడిచిపోయెను. ఐదువందలకు పైబడిన గాజు నెగటివులు వెనుక నిలిచిపోయినవి. అవి చేతులు మాఱి, పాఠశాల స్థాపకుడైన గ్రోపియస్‌తో అమెరికా చేఱినవి. ఆమె పేరు లేకుండనే గ్రంథములలో అచ్చుపడినవి. ఆమె ఏండ్ల తరబడి అవి నాశమైనవనియే తలచెను. ఉత్తరప్రత్యుత్తరములు నడపి, న్యాయవాదిని పెట్టి, 1957లో కొంతభాగమును మాత్రము తిరిగి పొందెను. ఫొటోగ్రాముల వెనుకనున్న ఆలోచన లిద్దఱివని 1972లో ఒక చిన్న పొత్తమున వ్రాసెను. అప్పటికి మొహోలీ గతించి ఇరువదియాఱేండ్లు. ఆమె 1989 వఱకు జీవించెను.

నెగటివు ఉన్నచో దానినుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. తీయువాడు పేరు చెప్పకపోవచ్చును. ఫొటోగ్రామునకు నెగటివు లేదు. వస్తువును ఏ కాగితముపై నుంచిరో ఆ కాగితమే చిత్రము. దానినుంచి మఱల చిత్రించినవి నకళ్లు. నేను చూపదలచిన రెండవ చిత్రమిట్టిది. మొహోలీ 1926లో చేసినది. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నది. నల్లని కాగితముపై ఒక చేయి, దానితో కలిసి చిత్రకారుని కుంచె యొకటి, తెల్లని నీడలుగా పడియున్నవి. చేతిపై రేఖలు లేవు, గోళ్లు లేవు, ఏ వయసు చేయియో తెలియదు. పోలిక యనునది బొత్తిగా లేదు. కాని ఆ చేయి ఎదుటనుండి కటకములో చూడబడినది కాదు. దీపము వెలిగినంతసేపు ఆ చేయి ఆ కాగితముమీదనే యుండినది.